రేడియేటర్లో పసుపు

థూ! ఆ ఓట్ల ఎండాకాలం గుర్తొస్తే ఇప్పటికీ నా ముక్కుకు పసుపు వాసన తగులుతుంది. కూరలో వేసే పసుపు వాసన కాదు. తుప్పు, గ్రీజు, కాలిన రబ్బరు, వాటితో కలిసి నెలన్నర ఉడికిన పసుపు వాసన.

మా ఆయన జయపాల్‌కు ఒక తెల్ల జీపు ఉంది. బద్వేలు నుంచి చుట్టుపక్కల పల్లెలకు బాడుగలు తోలేవాడు. ముందర అద్దం మీద ఎర్ర అక్షరాలతో 'ప్రభువు కృప' అని రాయించుకున్నాం. మా అత్త జీవమ్మ మా నాయనకు సొంత అక్క. అందుకే పెళ్లికి ముందూ తర్వాతా జయపాల్ నాకు బావే. అత్తకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం కడప ఆసుపత్రికి పోయి, మిషన్ మీద పడుకుని రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఒక్కటి తప్పిందంటే కాళ్లు కుండల్లా ఉబ్బుతాయి, ఆయాసం వస్తుంది. రెండు తప్పితే మనిషి మనకు దక్కదని డాక్టరు నా ముఖానే చెప్పాడు. జీపు ఇంటి ముందే ఉంది కదా, మాకేం దిగులులే అనుకున్నాం.

ఆమెకు నీళ్లు కూడా కొలతే. రోజు మొత్తానికి పూజారి తీర్థం ఇచ్చినట్టు చిన్న స్టీలు గ్లాసుతో ఇన్ని అని. మా కడప ఎండల్లో, నాలుక పిడచకట్టుకుపోతున్నా, ఆ గ్లాసు పెదాలకు తగిలించుకుని దింపేసేది. ఒక్కనాడూ ఇంకొంచెం పోయమని అడిగింది లేదు.

ఓట్లు దగ్గరపడ్డాయి. శ్రీనివాసులని, మండలంలో ఒక పార్టీ జెండా మోసే మనిషి, జీపు తనకు కావాలన్నాడు. జనం శీనన్న అంటారు. జయపాల్ బాడుగకు ఆశపడి ఒప్పుకున్నాడంటే నేను నమ్మను. బాడుగలు అతనికి ఎప్పుడూ ఉన్నాయి. శీనన్న టీ అంగడి ముందు పదిమందిలో భుజం మీద చెయ్యేసి "మా జయపాల్" అన్నాడట. అంతే, మనిషి వెన్నలా కరిగిపోయాడు. మరుసటి రోజు జీపు మీద మైకు పెట్టెలు ఎక్కాయి. 'ప్రభువు కృప' మీద అభ్యర్థి ముఖమున్న కాగితం అంటించారు. మా ఆయన మెడలో కండువా, కళ్లకు నల్లద్దాలు. అద్దంలో చూసుకుని మీసం దువ్వుకుంటుంటే నాకు ఒళ్లు మండింది.

"మంగళారం, శుక్రారం ఎట్ల బావా?" అన్నాను.

"ఆ రెండు దినాలు బండి అమ్మది. శీనన్నకు ముందే చెప్పినా."

"చెప్పినావా, చెప్తావా?"

"చెప్పినా అంటాండా గదా! యాలమ్మే నీకు అంత అనుమానం?"

మొదట్లో మాట మీదే ఉన్నాడు. వారంలో ఐదు రోజులు మైకు, రెండు రోజులు కడప. కానీ బండికి ఏదో అయింది. వెనక సీటు కింద బండికి పోసే నీళ్ల క్యాన్లు చేరాయి. ఒకటి, తర్వాత రెండు, తర్వాత సీటు కింద కాళ్లు పెట్టుకునే చోటు కూడా లేదు. పక్కనే మా అత్త, ఒళ్లో తన చిన్న గ్లాసు పెట్టుకుని. ఆ క్యాన్లలో నీళ్లు తొణుకుతుంటే ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకునేది.

అదే రోజుల్లో వంటింట్లో పసుపు డబ్బా ఖాళీ అవుతూ వచ్చింది. నింపుతాను, నాలుగు రోజులకు అడుగు కనబడుతుంది. అత్తను అడిగితే "నేనేం చేసుకుంటా మ్మే పసుపు?" అని నవ్వింది. ఎలుకలు పసుపు తింటాయా అని ఎదురింటి ఓబులమ్మను కూడా అడిగాను. ఆమె నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

జయపాల్ మాత్రం కనబడిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పడం మొదలుపెట్టాడు. చర్చి గేటు దగ్గర, ఆదివారం ఆరాధన అయ్యాక, ఎవరో బండి ఎట్లుందప్పా అని అడిగితే, "యాడ బండి, అమ్మను కడపకు తిప్పీ తిప్పీ గుల్లయిపోయింది" అన్నాడు. మా అత్త అతని వెనకే బైబిలు సంచి పట్టుకుని నిలబడి ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె నాతో అంది. "మ్మే క్రిస్టినా, మిషన్‌కు వారానికొకపారి పోతే చాలదా?"

"నీకేమన్నా పిచ్చి పట్టిందా అత్తా?"

"బండి గుల్లయితాందంట గదా. పిల్లోడి బతుకు ఆ బండే. దాన్ని నేను తినేస్తే ఎట్ల?"

"నోరు ముయ్యి" అన్నాను. పెద్దమనిషిని నోరు ముయ్యమనడం అదే మొదలు, అదే చివర.

ఓట్లకు ఇంకా వారం ఉందనగా, మంగళవారం, అట్లూరు దాటాక జీపు బుస్సుమంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. జయపాల్ పక్కకు ఆపాడు. అక్కడ నీడంటే ఒక తుమ్మచెట్టు. అత్తను దాని కింద కూర్చోబెట్టాను. ఆ ఆవిరి, ఆ వాసన, కింద కారుతున్న పచ్చటి మురికి! రోడ్డు మీద ఏదో జంతువు పైత్యం కక్కుకున్నట్టు ఉంది.

"నువ్వు అమ్మ దగ్గర కూచోపో" అని నన్ను తరిమాడు. చల్లారే దాకా ఆగి, నాకు వీపు పెట్టి, బానెట్ కింద తల దూర్చి ఏవో చేశాడు. క్యాన్లన్నీ ఒంపాడు. బండి గబగబా తాగేసింది. అత్త ఆ నీళ్లనే చూస్తూ గుటక వేసింది. నేను చూడనట్టు నటించాను.

కడప చేరేసరికి మా మిషన్ మీద ఎవరినో పడుకోబెట్టేశారు. సిస్టరమ్మ కసురుకుంది. సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని, ఆఖరి పేషెంటుగా అత్త మిషనెక్కింది. జయపాల్ ఆసుపత్రి మెట్ల మీద నిలబడి శీనన్నకు ఫోన్‌లో సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. "అమ్మతో ఇరుక్కుంటినన్నా, ఏం చేయల్ల" అన్న మాట నా చెవిన పడింది. ఇరుక్కున్నాడట! కన్నతల్లిని ఎంత మాటన్నాడు!

వాటర్ పంప్ పోయింది, ఫ్యాన్ క్లచ్ కూడా పోయింది అని ఇంటికొచ్చాక జయపాల్ తేల్చాడు. బద్వేలులో షెడ్లన్నీ ప్రచారం బళ్లతో నిండి ఉన్నాయి. అందుకని బుధవారం కడపకు పోయి కొత్త పంపు, కొత్త క్లచ్, బెల్టు తెచ్చుకుని ఇంటి ముందర వేపచెట్టు కిందే విప్పుకున్నాడు. పని వచ్చు అతనికి. ఆ ఒక్క విషయంలో నేను అబద్ధం చెప్పను, చేతులు మంచివి.

సాయానికి అని గాబ్రియేలు చిన్నమామ వచ్చాడు. మా మామకు తమ్ముడు. సాయమంటే, అరుగు మీద కూర్చుని ఆకు వక్క నమిలి, స్పానర్ల మధ్య ఉమ్మడం. అటు పక్క నులక మంచం మీద అత్త. నేను గలీజంతా ఎత్తిపోసే పనిమనిషిని.

"ఒక బేసిన్ తే మ్మే" అన్నాడు జయపాల్.

నేను వెతికేలోపే బియ్యం కడిగే బేసిన్ తీసుకుపోయి బండి కింద పెట్టాడు. రేడియేటర్ అడుగున మూత తిప్పాడు. నీళ్లు వస్తాయనుకున్నాను. మొదట ఏమీ రాలేదు. పుల్లతో పొడిచాడు. అప్పుడు బొళుక్కుమని, ముద్దలు ముద్దలుగా, చీములాంటిది పడింది. పచ్చగా, గోధుమరంగుగా, జిగటగా. నా బేసిన్‌లో! ఈగలు వచ్చి వాలాయి. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నా వాసన ఆగలేదు. ఆ వాసనలో నాకు తెలిసినది ఏదో ఉంది. కొంగు తీసి, వంగి, ఇంకోసారి పీల్చాను.

"పసుపు" అన్నాను.

జయపాల్ తలెత్తలేదు.

"ఇది నా పసుపు."

గాబ్రియేలు చిన్నమామ పకపకా నవ్వాడు. "రేడియేటర్ కారితే పసుపు ఎయ్యడం మామూలే గదమ్మే. బొక్కకు అడ్డం పడి కారేది నిలబడతాది. మా కాలం నుంచీ అదే మందు. ఒకపారి ఎయ్యొచ్చు, షెడ్డుకు చేరేదాకా. ఈడు డబ్బాలు డబ్బాలు పోసినాడు మాదిరుండాది. లోపల సన్న గొట్టాలన్నీ మూసకపోయినాయి."

"ఎప్పట్నుంచి బావా?"

"ఏంది?"

"ఎప్పట్నుంచి పోస్తాండావు?"

స్పానర్ తిప్పుతూనే ఉన్నాడు. "మట్టలాదివారం నుంచి" అన్నాడు చివరికి, బండితో చెప్పినట్టు.

మట్టలాదివారం! ఈస్టరుకు ముందరి ఆదివారం, ఈతమట్టలు పట్టుకుని పాడుకుంటూ ఊరు తిరిగాం ఆ రోజు. ఈస్టరు పోయింది, ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు పోయాయి. అన్ని మంగళవారాలూ, అన్ని శుక్రవారాలూ, ఎక్కడ ఆగుతుందో తెలియని బండిలో కన్నతల్లిని కూర్చోబెట్టుకుని లంకమల కొండల పక్కన ఆ రోడ్డు మీద తోలాడు. తెలిసి తోలాడు.

"షెడ్డుకు ఏల ఇయ్యలేదు?"

"ఇస్తే నాలుగు దినాలు పెట్టుకుంటారు. ఆ నాలుగు దినాల్లో శీనన్న ఇంకో బండి చూసుకుంటాడు. నీకేం తెలుసు మ్మే? ఈడ పట్టు, పట్టుకో దీన్ని."

పట్టుకున్నాను. ఫ్యాన్ వెనకున్న నట్టు ఊడదీయడానికి పుల్లీ చక్రం తిరగకుండా బెల్టు లాగి పట్టుకోవాలి. నా చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. ఫ్యాన్, దాని నడుమ తాబేలంత క్లచ్, రెండూ కలిసి ఊడి వచ్చాయి. జయపాల్ ఒక రెక్కను వేలితో తోశాడు. గిరగిరా తిరుగుతూనే ఉంది, జాతరలో పిల్లలు పట్టుకు తిరిగే రంగుల గాలిమరలా.

"చూడు చిన్నాయనా" అన్నాడు. పని మాట వచ్చేసరికి అతనికి హుషారొచ్చింది, ఎదురుగా ఎవరున్నారో మరిచిపోయాడు. "లోపల ఆయిలు కారిపోయింది. ఇంజన్ కాగినప్పుడు ఇది గట్టిగా పట్టుకోని ఫ్యాన్‌ను తిప్పల్ల. పట్టుకోకుండా ఊరికే తిరుగుతాండాది. రోడ్డు మీద జోరుగా పోతే ఎదురుగాలికే ఇంజన్ సల్లబడతాది, ఫ్యాన్‌తో శానా పని లేదు. మైకు పెట్టుకోని నడిచే మనిషి మాదిరి పొద్దస్తమానం మెల్లగా పోతే గాలేడిది? దాంతోనే దెబ్బ తినింది. పంపు బేరింగు కూడా దాంతోనే..."



నేను మంచం వైపు చూశాను. అత్త చేతిలో విసనకర్ర ఆగిపోయి ఉంది.

"అంటే కడపకు పోతే చెడిపోలేదు" అన్నాను. "అమ్మను తిప్పీ తిప్పీ గుల్లయింది అని చర్చి ముందర చెప్పినావే?"

"అన్నీ కలిసి అయింటాది."

"ఛీ!" అన్నాను. ఆ బేసిన్ ఎత్తి, దూరంగా ముళ్లకంప పక్కన పారబోసి, బేసిన్ కూడా అక్కడే విసిరేసి వచ్చాను. దాన్ని మళ్లీ ఇంట్లో అడుగు పెట్టనివ్వలేదు. అత్త విసనకర్ర మళ్లీ ఊపడం మొదలుపెట్టింది. వారానికొకసారి చాలన్న మాట మాత్రం ఆమె నోట మళ్లీ వినలేదు.

గురువారం సాయంత్రానికి రేడియేటర్ కడిగించి, బద్వేలులో అతుకు వేయించుకొచ్చాడు. పంపు కింద నీళ్లు కారకుండా వేసే పాత గ్యాస్కెట్ గీకి, కొత్తది పెట్టి, కొత్త పంపు బిగించి, కొత్త క్లచ్, ఫ్యాన్, బెల్టు అన్నీ ఎక్కించాడు. ఈసారి బోరునీళ్లు పోయలేదు, కూలెంట్ పోశాడు. తాళం తిప్పే ముందు మా ఇళ్లలో ప్రార్థన చేసుకుంటాం, కొత్త బండికైనా పాత బండికైనా. అత్త నెమ్మదిగా లేచి వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. "ప్రభువా, దీన్లో తిరిగే బిడ్డను కాపాడు" అంది. తన మాట ఎత్తలేదు. జయపాల్ తల వంచుకుని ఆమెన్ అన్నాడు. తాళం తిప్పగానే ఇంజన్ మొరాయించకుండా అందుకుంది. వేడెక్కేకొద్దీ ఫ్యాన్ హోరుమంది. వేపాకులు ఎగిరిపడ్డాయి. ఇంజన్ వేడి చూపించే ముల్లు సగం దగ్గరకు వచ్చి అక్కడే నిలబడింది. నా మనసు కూడా కాస్త చల్లబడిందనే చెప్పాలి. పోనీలే, బండైతే బాగైంది, రేపు శుక్రవారం అనుకున్నాను.

శుక్రవారం తెల్లారకముందే అత్త తయారైంది. సంచిలో దుప్పటి, బన్ను, చిన్న గ్లాసు. పోయి వెనక సీట్లో కూర్చుంది. నేను తలుపుకు తాళం వేస్తున్నాను. జయపాల్ ఫోన్ మోగింది. మాట్లాడి, జీపు దగ్గరకు వచ్చి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మెడలో కండువా ఉంది. అప్పుడే అర్థమైంది నాకు.

"మా, ఈ ఒక్కపారికి బస్సులో పోండి" అన్నాడు. "ఈపొద్దు బద్వేల్లో పెద్ద ర్యాలీ. శీనన్న మన బండే ముందర ఉండల్ల అంటాండాడు."

"బుద్ధుందా నీకు?" అన్నాను. "మంగళారం ఆలస్యమైంది. కాళ్లు చూడు, ఎట్లుండాయో."

"బస్సులు లేవా ఏంది? జనాలు పోవడంల్యా? ఈ ఒక్కపారే అంటాండా గదా."

అత్త సంచి భుజానికి వేసుకుని, ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, జీపు కమ్మీ పట్టుకుని దిగింది. వాచిన పాదానికి చెప్పు పట్టలేదు. వంగి నేను తొడిగాను. ఆమె తన కొంగుతో తాను కూర్చున్న సీటును తుడిచింది. ఎందుకు తుడిచిందో, అక్కడ దుమ్ము కూడా లేదు.

బద్వేలు దాకా ఆటోలో పోయి కడప బస్సెక్కాం. నాలుగు రోడ్ల కూడలి దగ్గర బస్సు ఆగిపోయింది. ముందర ర్యాలీ. డ్రైవరు ఇంజన్ ఆపేసి బీడీ ముట్టించాడు. రేకు పెట్టెలో కూర్చున్నట్టు ఉంది, అన్ని పక్కల నుంచీ సెగ. పిల్లలు ఏడుస్తున్నారు, ఎవరో కక్కుకున్నారు. గంటకు పైనే అయింది. నెమ్మదిగా జనం మా పక్కకు వచ్చారు. అందరికంటే ముందు, నడిచే మనిషి వేగంతో, మా జీపు. 'అమ్మలారా, అక్కల్లారా' అని మైకులోని గొంతు మా కిటికీలోకి అరుస్తోంది. అత్త చూసింది. జయపాల్ కూడా చూశాడు. మూడు మూరల దూరం కూడా లేదు. తల్లి ముఖం మీది నుంచి చూపు దించుకుని, ఇంజన్ వేడి చూపించే ముల్లు వైపు చూసుకున్నాడు.

ఆ చూపు నేను చచ్చేదాకా మరచిపోను. నా మొగుడు మీద నాకు కోపం చాలాసార్లు వచ్చింది. అసహ్యం పుట్టడం ఆ రోజే.

కడపలో ఆ రోజు అత్తకు మిషన్ సగం సమయమే దక్కింది. శని, ఆదివారాలు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయింది, పడుకుంటే ఊపిరాడక. చర్చికి రాలేకపోయింది. విశ్వాసమ్మ అనే చర్చి సంఘపు ఆడమనిషి ఇంటికొచ్చి ప్రార్థన చేసి, "జయపాల్ యాడమ్మా?" అని అడిగితే, "పనిమీద పోయినాడు తల్లీ" అని అత్తే చెప్పింది.

ఓట్లు అయిపోయాయి. మైకు దిగింది. ఆ వారం మంగళవారం, శుక్రవారం కూడా మేం బస్సులోనే కడపకు పోయొచ్చాం. శీనన్న ఆ తర్వాత మా ఆయన ఫోన్ ఎత్తలేదు. ఎత్తుతాడని నేనెప్పుడూ అనుకోలేదు. జయపాల్ రెండు రోజులు కండువా లేకుండా అరుగు మీద కూర్చుని, మూడో రోజు లేచి జీపు కడిగాడు. అద్దం మీద కాగితం గోళ్లతో గీకాడు. కాగితంతో పాటు 'ప్రభువు'లో సగం అక్షరాలు ఊడి వచ్చాయి. వెనక సీటు మీద కొత్త దుప్పటి పరిచాడు.

మంగళవారం పొద్దున జీపు వాకిలి ముందు పెట్టి, వెనక తలుపు తెరిచి నిలబడ్డాడు. "రా మా" అన్నాడు.

అత్త సంచి తీసుకుంది. వాకిలి దాటింది. జీపు పక్కనుంచి, తెరిచిన తలుపు తనకు తగలకుండా కాస్త ఒదిగి, రోడ్డు వైపు నడిచింది. నేను ఆమె వెనక నడిచాను. మా వీధి నుంచి బస్సు ఆగే చోటికి ఆరోగ్యంగా ఉన్న మనిషికి దగ్గరే. ఆమె ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగింది.

జయపాల్ జీపులోకి దూకి మా వెనకే వచ్చాడు. ఆమె నడిచినంత మెల్లగా. "ఎక్కు మా. మా, జనం చూస్తాండారు. ఎక్కు." ఓబులమ్మ చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడిపోయింది. గాబ్రియేలు చిన్నమామ అరుగు మీది నుంచి లేచాడు. ఉమ్మడం మరిచిపోయినట్టున్నాడు. మైకు కట్టినప్పుడు పోయినంత మెల్లగా వీధంతా వచ్చింది జీపు. కొత్త ఫ్యాన్ హోరుమంటూ గట్టిగా తిరుగుతోంది. ఇంజన్ కాగలేదు. చుక్క నీరు కారలేదు. పని అంత బాగా చేశాడు.

బస్సు వచ్చింది. అత్త మొదటి మెట్టు మీద కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని, ఆ రోజు మొదటిసారి కొడుకు వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, వెక్కిరింత లేదు. బిడ్డకు జాగ్రత్త చెప్పినట్టే చెప్పింది.

"వద్దులే నాయనా. నేనెక్కితే గుల్లయితాది."